ఎర్రనీటి లేఖరి

అంకమ్మకు నీడ పోయిందంట. హైదరాబాదు డాక్టర్లు సూదిమందు పొడిచి, బదులుగా ఆమె నీడ కత్తిరించుకుపోయారంట. అందుకనే పొద్దు పొడిచింది మొదలు ఆ నల్ల గొడుగు వదలదంట. గొడుగు నీడ చూసి అది తన నీడేనని లోకం నమ్మాలంట. ఈ మాట కొళాయి దగ్గర తిరపతమ్మ అన్నదని కోటమ్మ చెప్పింది. కోటమ్మ చెప్పిందని ఏడుకొండలు ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పి, బిందె దించి, నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు.

"కోసిన నీడ యాడ దాచారో అది చెప్పలేదా తిరపతమ్మ?" అంది అంకమ్మ లోపల్నించి.

"ఐసు పెట్టెలో పెట్టారంట."

"అదీ! ఆవిడకు తెలవనిదంటూ ఉండదు."

అంకమ్మకు కోపం రాలేదు. నీడ పోతే పోయింది, ప్రాణం నిలబడింది. వాళ్ళమ్మ నలభై ఆరో ఏట కడుపులో క్యాన్సరుతో పోయింది. అక్క నలభై నాలుగో ఏటే పోయింది. అంకమ్మకిప్పుడు నలభై మూడు. అక్క పోయినప్పుడు పెద్దాసుపత్రి డాక్టరు ఇంటిల్లిపాది రక్తమూ తీసి హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పంపాడు. ఆ జబ్బుకు దారి తీసే లోపం అంకమ్మలో ఉందని, ఆమె కూతురు భవానిలో కూడా ఉందని అక్కడ తేలింది. భవానికి ఇరవై ఒకటి. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, తక్కువ మాట్లాడుతుంది.

వాళ్ళది కుందేరుపాలెం. సముద్రానికి కూతవేటు దూరం. ఊళ్ళో సగం మందికి ఉప్పు మళ్ళే బతుకు. కాలువలోంచి తీసిన ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తూ, ఎండకు చిక్కబరుస్తూ చివరి మడికి చేర్చడానికి రోజులు పడుతుంది. చివరి మడిలో నీరు ఎర్రబారుతుంది. తెల్లారి లేతగా కనబడిన ఎరుపు నాలుగు ఎండలు కాస్తే దానిమ్మ గింజ రంగుకొస్తుంది. ఆ రంగు తిరిగిందంటే అడుగున ఉప్పు దిగబోతున్నట్టు. ఏ పూట ఏ గట్టు తెంచాలో చెప్పడానికి అంకమ్మ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటుంది. "ఇంకో రెండెండలు ఆగండి" అంటే పక్క మళ్ళవాళ్ళు కూడా ఆగుతారు.

ఆ ఎర్రనీళ్ళే ఆమె ప్రాణానికి అడ్డుపడతాయని ఎవరనుకున్నారు!

*

ప్రయోగశాలలో ఆమెతో మాట్లాడింది డాక్టర్ సలోమి. గుంటూరు పక్క మనిషి. మొదటి రోజే కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది.

"మా నాన్న రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసే లేఖరి, అంకమ్మగారూ. మీ ఒంట్లో కూడా లేఖరులున్నారు. ఒక కణం రెండయ్యే ముందు లోపలున్న దస్తావేజు మొత్తానికి నకలు తీయాలి. మూడు వందల కోట్ల అక్షరాలు. దాన్ని డీఎన్ఏ అంటాం. నకలు తీసేది ఒక ఎంజైము. మంచి లేఖరి అక్షరం రాసి ఒకసారి వెనక్కి చూసుకుంటాడు, తప్పుంటే చెరిపి మళ్ళీ రాస్తాడు. మీ ఇంటి ఆడవాళ్ళలో ఆ లేఖరికి వెనక్కి చూసుకునే అలవాటు లేదు. తప్పులు పేరుకుంటాయి. అవే చివరికి గడ్డ కడతాయి."

"మా ఆయన లాగా," అంది అంకమ్మ. "సంతకు పంపితే వంకాయల్లో పురుగుందో లేదో తిప్పి చూసుకోడు."

ఏడుకొండలు పైకప్పుకేసి చూశాడు. భవాని పెదవి కొరుక్కుని నవ్వింది.

సలోమి అసలు సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కిందట ఈ ప్రయోగశాల నుంచే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి కుందేరుపాలెం మళ్ళ నుంచి సీసాల్లో ఎర్రనీళ్ళు పట్టుకుపోయారు. ఆ ఎరుపు ఒక బ్యాక్టీరియాది. మనిషి కణంలో నకలు రాసే ఎంజైములు పదిహేను దాకా ఉంటే, ఆ బ్యాక్టీరియాకు నాలుగైదే. వాటిలో ఒకటి మాత్రం ఇంతవరకు ఎవరూ చూడనంత నిక్కచ్చి. కోట్ల అక్షరాలు రాసినా ఒక్క తప్పు రాయదు. దాన్ని మనిషి కణంలో ఇమిడేట్టు మలిచి, సూదిమందుగా చేశారు. అంకమ్మకు ముందు ఇస్తారు. ఏడాది పాటు ఏ హానీ లేకపోతే భవానికి ఇస్తారు.

"ఒక్క చిక్కుంది," అంది సలోమి. "మన లేఖరుల్లో కొందరు కొంచెం నాసి. చిరిగిన కాగితమిచ్చినా ఏదో ఒకటి రాసి పని కానిచ్చేస్తారు. ఈ కొత్తవాడు వాళ్ళను దగ్గరికి రానివ్వడు. చిరుగు కనబడితే కలం పైకెత్తి కూర్చుంటాడు. ఎండ పడినప్పుడు చర్మంలో పక్కపక్క అక్షరాలు అతుక్కుంటాయి. అక్కడ వాడు ఆగిపోతే చర్మం పుండవుతుంది, మానదు. ఏడాదిలో మిగతావాళ్ళతో సర్దుకుంటాడని మా అంచనా. అందాకా మీకు ఎండ తగలకూడదు. పొడుగు చేతుల జాకెట్టు, మంచి గొడుగు."

ఉప్పు మళ్ళలో బతికేదానికి ఎండ తగలకూడదట. అంకమ్మ కూతురి వైపు చూసింది. భవాని తలవంచుకుని వేలికున్న సూదిపోటు నలుపుకుంటోంది.

"ఎయ్యండి సూది," అంది.

*

మూడు నెలలకు కడుపులో గొట్టం వేసి చూస్తే, అంతకుముందు మొలకలెత్తిన చిన్న గడ్డలు మూడూ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ రోజు సలోమి ఫోను చేసి చెబుతూ తనే ఏడ్చింది. ఏడుకొండలు ఊరంతటికీ బెల్లం పంచాడు. తిరపతమ్మ రెండు ముక్కలు తీసుకుంది.

అంకమ్మ పొడుగు కర్ర చెక్కపలక పట్టి ఉప్పు లాగడం మానేసింది కానీ మడికి పోకుండా ఉండలేదు. నీళ్ళ రంగు చూసి చెప్పేవాళ్ళు లేకపోతే మొగుడు ఒక పూట ముందో వెనకో గట్టు తెంచి కూర్చుంటాడు. అందుకని గొడుగేసుకుని, పైట తలమీదుగా కప్పుకుని చివరి మడి గట్టు మీద నిలబడేది. గొడుగు ఒక్క నిమిషం కూడా వాల్చేది కాదు. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చేది.

మాఘం వెళ్ళాక గడ్డం కింద పొక్కు లేచింది. చితికింది. మానలేదు. భవాని ఫొటో తీసి ప్రయోగశాలకు పంపింది.

"గొడుగు పట్టుకుంటున్నారా?" అని అడిగారు అటునుంచి.

"పట్టుకుంటన్నా."

తర్వాతి నెల ముక్కుపుటాల అడుగున, చెవి తమ్మెల కింద. మళ్ళీ ఫొటోలు. మళ్ళీ అదే ప్రశ్న. ఆ పై నెల మెడంతా ఎర్రగా పచ్చిపుండయింది. అన్నం నమిలితే చర్మం లాగేది. ప్రశ్న మారలేదు, జవాబూ మారలేదు.

అప్పుడొచ్చింది ప్రయోగశాల నుంచి ఉత్తరం. అంకమ్మ తమ సూచనలు పాటించడం లేదు కాబట్టి ఈ ఫలితాల మీద ఆధారపడలేమని, ఈ కుటుంబం వరకు ప్రయోగం ఆపేయాలని ప్రయోగం మంచిచెడ్డలు చూసే కమిటీ అనుకుంటోందని, శుక్రవారం సమావేశంలో తేలుస్తారని. భవానికి ఇవ్వాల్సిన మందు సంగతి కూడా అందులోనే ఉంది: ఇవ్వరు.

ఆ సాయంత్రం సలోమి ఫోను చేసింది.

"కమిటీలో అందరూ అదే అంటున్నారు అంకమ్మగారూ. పుండ్లు ఎండవే, ఫొటోలు చూస్తే తెలిసిపోతోంది. పని తొందరలో ఎప్పుడైనా గొడుగు పక్కన పెట్టారా? నాతో చెప్పండి, నేను సర్దిచెబుతాను."

"నా బిడ్డ మీద ఒట్టు. ఒక్క గడియ కూడా వాల్చలా."

సలోమికి నమ్మాలని ఉంది కానీ దారి దొరకలేదు. "మరోసారి గుర్తు తెచ్చుకోండి" అంది. అంకమ్మ ఫోను కూతురి చేతికిచ్చేసి, గోడవైపు తిరిగి పడుకుంది. పుండు కన్నా ఆ మాట ఎక్కువ మండింది. తను అబద్ధాలకోరైతే పోనీ. దానికి కూతురి ప్రాణం బలి కావాలా?

*

మర్నాడు కొళాయి దగ్గర తిరపతమ్మ ఆమె మొహంలోకి వంగి మరీ చూసింది.

"అదేందొదినా, నెత్తిన కాలాల్సింది గడ్డం కింద కాలింది? నీకోసం సూర్యుడు భూమిలోంచి గాని పొడిసాడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అంకమ్మ బిందె నిండి పొర్లుతోంది. ఆమె దాన్ని తీయలేదు.

తర్వాత బిందె అక్కడే వదిలేసి, గొడుగేసుకుని మడికి నడిచింది. గట్టు మీద నిలబడి మొదటిసారిగా పైకి కాక కిందికి చూసింది. దిగిన ఉప్పు తెల్లగా, మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా. గొడుగు నీడ ఇంత ఉంటే ఆ తెలుపు ఎకరమంత ఉంది. దాని మీద పడిన ఎండ గొడుగు కిందికే ఎగదన్నుతోంది.

ఉప్పు మడిలో కాలికింద చల్లగా ఉంటుంది. చల్లగా ఉన్నచోట ఎండ ఉంటుందని కుందేరుపాలెంలో పుట్టినవాళ్ళెవరికీ తట్టదు. ఆ తెలుపుకు కళ్ళు చికిలించడం వాళ్ళకు ఊపిరి పీల్చడమంత అలవాటు. అది కంటికి చేసే చెరుపే తప్ప ఒంటికేం చేస్తుందని ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు. ఒంట్లో ఉన్న నాసిరకం లేఖరులు అతుకుల్నీ చిరుగుల్నీ దాటేస్తూ వాళ్ళ చర్మాన్ని ఎప్పటికప్పుడు నిలబెట్టుకొచ్చారు.

"ఏవయ్యా!" అని కేకేసింది. "నీ తువ్వాలిట్టా ఇయ్యి."

తువ్వాలు గడ్డం కింద నుంచి చెవుల మీదుగా కట్టుకుని, పంటినొప్పి మనిషిలాగా మూడు రోజులు మడి మీద నిలబడింది. కొత్త పొక్కు ఒక్కటి లేవలేదు.

భవాని ఫోను చేసింది. సలోమికి విషయం క్షణంలో అర్థమైంది. "అయ్యో" అని నాలిక కరుచుకుంది. కానీ కమిటీకి మాట చాలదు, కొలత కావాలి. ఎండ కొలిచే మీటరు ప్రయోగశాలది, బయటికి తీసుకుపోవాలంటే అనుమతి రావాలి, అనుమతికి పదిహేను రోజులు. సమావేశం ఎల్లుండి.

"మీటరు రాలేదంటే ఉప్పే పోవాలి," అంది అంకమ్మ.

*

ఉప్పు లారీలు హైదరాబాదుకు పోతూనే ఉంటాయి. ముగ్గురూ డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. సమావేశం రోజున ప్రయోగశాల గేటు ముందు దిగేసరికి పొద్దు బాగా పైకెక్కింది. ఏడుకొండలు బస్తా తర్వాత బస్తా ఆరు దించాడు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం బస్తాలివి? ఎవర్ని కలవాలి?"

"ఉప్పు," అన్నాడు ఏడుకొండలు. "డాక్టర్లకు చూపించాలి."

"ఉప్పుకేం రోగమొచ్చింది?"

"ఉప్పుకు కాదయ్యా, చూపుకు," అని అంకమ్మ గొడుగుతో అతన్ని పక్కకు జరిపి లోపలికి నడిచింది.

కార్లు నిలిపే సిమెంటు ఆవరణలో ఆరు బస్తాలూ కుమ్మరించి, మడిలో పరిచినట్టే చేతులతో సాపుగా పరిచారు. పైఅంతస్తుల కిటికీల్లోంచి తలలు కనబడ్డాయి. సలోమి అరచేతిలో పట్టేంత మీటరు పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. ఆమె వెనకే కమిటీ పెద్ద, ప్రొఫెసర్ చక్రపాణి, చేతిలో టీ కప్పుతో.

"ఏమిటిది సలోమీ?"

"కొలత, సార్."

అంకమ్మ ముందు ఒట్టి సిమెంటు మీద నిలబడింది, గొడుగు వేసుకుని. సలోమి మీటరును ఆమె గడ్డం కింద బోర్లించి పట్టింది. నాలుగు చూపించింది. తర్వాత అంకమ్మ చెప్పులు విడిచి ఉప్పు మధ్యకు నడిచింది. అదే మనిషి, అదే గొడుగు. మీటరు ఇరవై ఆరు చూపించింది.

"మళ్ళీ," అన్నాడు చక్రపాణి.

మళ్ళీ ఇరవై ఆరు. ఆయన కప్పు కింద పెట్టి, బూట్లు విప్పి, తనే ఉప్పులోకి వచ్చి మీటరు పట్టి చూశాడు. ఇరవై ఏడు. కళ్ళు చికిలిస్తూ ఆ తెలుపు కేసి చూశాడు, గొడుగు కేసి చూశాడు, చివరకు అంకమ్మ మెడకేసి చూశాడు. పుండ్లు లేచిన ఇన్ని నెలల్లో ఆయన ఆ మెడను ఎదురుగా చూడటం అదే మొదలు.

ఆయన ఏమీ అనకముందే అంకమ్మ అంది:

"డాక్టరమ్మా, నాకో సందేహం. మా మడిలో పైన ఎండ, కింద ఉప్పు. పందిరి కూడా లేదు. మీ లేఖరి ఆ ఎర్రనీళ్ళల్లో కలం ఎత్తి కూర్చోకుండా ఎట్టా నెట్టుకొచ్చాడు?"

సలోమి నెమ్మదిగా చెప్పింది. "వాడికి తోడు ఇంకో ఎంజైముంది. అతుక్కున్న అక్షరాలను విడదీస్తుంది. వెలుతురు తగిలితేనే పనిచేస్తుంది. మనుషుల్లో అది లేదు."

"మరి దాన్నెందుకు ఒదిలేశారు?"

"ఒక ప్రయోగంలో ఒకటే ఎక్కించాలని నియమం."

"బాగుంది. పెళ్ళాన్ని అక్కడే ఒదిలేసి, మొగుణ్ణొక్కణ్ణే పట్టుకొచ్చి కాపురం చెయ్యమన్నారు."

కిటికీల్లోంచి ఎవరో పెద్దగా నవ్వారు. చక్రపాణి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. ఆ మధ్యాహ్నం సమావేశంలో ఉత్తరం రద్దయింది. ఉప్పు ఎత్తడానికి వాచ్‌మన్ కూడా ఒక చెయ్యి వేసి, రెండు దోసిళ్ళు రుమాల్లో మూట కట్టుకున్నాడు. "మడి ఉప్పు. కంది పచ్చడికి బాగుంటుంది," అన్నాడు.

*

ఆ రెండో ఎంజైమును ఎక్కించాల్సిన పని లేకపోయింది. సన్నని కొవ్వు బుడగల్లో నింపి మలాంగా చేశారు. పొద్దున్నే ఒంటికి రాసుకుని వెలుతురులోకి వస్తే, అది చర్మంలోకి దిగి అతుకులు విడదీస్తుంది. నిక్కచ్చి లేఖరి అతుకు దగ్గర ఆగాల్సిన అగత్యం తప్పింది. ముందు మోచేతి మీద రూపాయి బిళ్ళంత మేర, తర్వాత చెయ్యంతా, తర్వాత మొహం. నెలకొకసారి పరీక్ష. పుండ్లు ఒక్కటొక్కటే మాని, గడ్డం కింద మాత్రం తెల్లటి మచ్చ మిగిలింది. వాన కాలం వెళ్ళేసరికి ఏడాది నిండింది.

కొత్త ఉప్పు కాలం మొదలైన రోజున అంకమ్మ గొడుగు ఇంట్లో వదిలి మడికి వచ్చింది. నడినెత్తిన ఎండ. పలక చేత్తో పట్టుకుని మడి మధ్యలో నిలబడి, రెండు చేతులూ బారజాపి ఊరికే అట్లా ఉండిపోయింది. వీపున చెమట కారింది. ఆ చెమటకు ఆమె ఏడాదిగా మొహం వాచి ఉంది.

పక్క మడిలోంచి తిరపతమ్మ అరిచింది. "నీడ తిరిగిచ్చారా ఒదినా?"

"ఇచ్చారు. కాస్త పొట్టిది."

తిరపతమ్మ ఒక క్షణం ఆలోచించి, తన కాళ్ళ దగ్గరి నీడ కూడా చూసుకుని, పగలబడి నవ్వింది. ఏడుకొండలు పలక లాగుతూ ఏదో పాత పాట అందుకున్నాడు. శ్రుతి లేదు, అయినా ఎవరూ ఆపమనలేదు. ఆ సాయంత్రం భవాని అమ్మ వీపుకు కొబ్బరినూనె పట్టిస్తూ, "ఒళ్ళంతా మళ్ళీ నల్లబడ్డావే" అంది. అంకమ్మకు అంతకంటే మంచి మాట ఆ ఏడాదిలో ఎవరూ అనలేదు.

ఇక మిగిలింది భవాని.

హైదరాబాదులో కమిటీ గదిలో బల్లకటువైపు చక్రపాణి, ఇంకో ముగ్గురు, చివర సలోమి. ఇటువైపు భవాని. వెనక కుర్చీల్లో అంకమ్మ, ఏడుకొండలు. చక్రపాణి ఈసారి తొందర పడలేదు. మందు ఏం చేస్తుందో, ఏం చేయకపోవచ్చో, మలాం ఎట్లా రాయాలో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. ఉప్పు గురించి కూడా చెప్పాడు: ఇసుక, నీళ్ళు, తెల్లటి గోడలు, అన్నిటినీ సూచనల్లో చేర్చామని కాగితం తిప్పి చూపించాడు. మనిషి మంచివాడేనని అంకమ్మకు అనిపించింది. సలోమి కళ్ళతోనే ఆమెను పలకరించింది. అంకమ్మ మనసు నిండుగా ఉంది. సంతకం అయిపోతే బిడ్డకు బిర్యానీ తినిపించాలని కూడా అనుకుంది.

భవాని పెన్ను తీసుకుంది. నాలుగు పేజీలూ తిప్పి చదివి, సంతకం చేసింది.

"సంతోషం," అన్నాడు చక్రపాణి, కాగితం సర్దుతూ. "తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా మేమున్నామమ్మా. ప్రతిసారీ మీరింత దూరం రానక్కర్లేదు, మేమూ రావలసిన పనుండదు. ఒక ఫొటో తీసి పంపితే చాలు, గంటలో చూస్తాం."

భవాని పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"మా అమ్మ కూడా ఫొటోలే పంపింది సార్. వాటిల్లో పుండు కనపడింది. కింద ఉప్పు కనపడలా."